బువ్వ తిని రమ్మన్న శాపం

పోయిన వారం భాగం చదవని వాళ్ల కోసం, చదివి మరిచిపోయిన వాళ్ల కోసం, చదివి గుర్తుండి కూడా "కథ అంగుళం కదలడం లేదు" అని సంపాదకుడికి కార్డు ముక్క రాసిన హబ్సిగూడ పెద్దమనిషి కోసం, జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. అయ్యా, మీ కార్డు నా దాకా వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అభిప్రాయం మాత్రం అలా లేదు.

నాచారం పారిశ్రామికవాడ వెనక వీధిలో కౌసల్యమ్మ ఇల్లు. ఆ ఇంటి మేడ మీద గదిలో బెంజమిన్, అతని చెల్లెలు జెన్నిఫర్, వాళ్ల స్నేహితుడు తిరుపతి కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. పేరు ‘పాతాళగరిగె’. బావిలో జారిపడ్డ బిందెలను పైకి లాగే ఇనప కొక్కేల గుత్తి ఉంటుంది చూడండి, హీరో ఆయుధం అదే. దాన్ని తిప్పుకుంటూ ఒక పాడుబావిలోకి దిగుతాడు, కింద ఉన్న పిశాచాలను కొడతాడు, చాలాసార్లు వాటి చేతిలో చస్తాడు. ఆట ఎంత చీకటిగా ఉంటుందంటే ఆడేవాళ్ల ముక్కు తెరకు ఆనాల్సిందే. మాట లేదు, పాట లేదు. అదే విదేశీ కుర్రకారుకు పిచ్చిపిచ్చిగా నచ్చేసింది.

దాంతో రెండో భాగం తీశారు. ఈసారి హీరో చచ్చినప్పుడల్లా బావి అడుగు నుంచి ఒక ముసలి గొంతు శపించాలని బెంజమిన్ పట్టుబట్టాడు. కౌసల్యమ్మది తుప్పుపట్టిన గిరక లాంటి గొంతు. ఆ పనికి అంతకంటే మంచి గొంతు నాచారం, మల్లాపూర్ మొత్తం గాలించినా దొరకదు. తీరా మైకు ముందు కూర్చోబెడితే ఆవిడ, దీపాలు పెట్టే వేళ ‘చచ్చినవ్’ అనే మాట నోటితో అననంది. "అయ్యో బిడ్డా... పోయి ఇంత బువ్వ తిని రా" అంది. విడుదల తేదీ నెత్తి మీదికొచ్చింది. తెల్లవాళ్లకు తెలుగేం అర్థమవుతుందిలే అని ముగ్గురూ దాన్నే ఉంచేశారు. మన భాష మనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదని మనకో గట్టి నమ్మకం, ఏం చేస్తాం.

మొదట్లో లోకం వణికిపోయింది. ఆ శాపానికి అర్థమేమిటని ఆటగాళ్లు ఇంటర్నెట్టులో పేజీలకు పేజీలు రాసుకున్నారు. ఒకడు అది ఎవరూ మాట్లాడని పురాతన భాష అన్నాడు. ఇంకొకడు టేపు వెనక్కి తిప్పి వినాలన్నాడు. ఏదో మంచుదేశంలో ఒక గడ్డపాయన ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మోచేయి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్టు పొడిపించుకుని ఫొటో పెట్టాడు. అప్పుడు రామంతాపూర్ చెరువు పక్కన ఉండే పుణ్యాత్ముడెవడో, పేరు చెప్పకుండా, దాని అర్థం విప్పి అందరికీ చెప్పేశాడు. పోయిన వారం నేను అక్కడ ఆపాను. హబ్సిగూడ పెద్దమనిషికి అదే కోపం.

ఇక ఆ శుక్రవారం సంగతి.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్న ఎండాకాలం అది. మధ్యాహ్నం పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. తిరుపతి కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్లిలో చదివింపులు చదివినట్టు, ఆటగాళ్ల అభిప్రాయాలను తెలుగులోకి మార్చి గట్టిగా చదువుతున్నాడు.

"‘ఫస్టు పార్టుల సచ్చినప్పుడల్ల ఒళ్లు జల్లుమనేది. గిప్పుడు ఆకలైతుంది.’ ఒక్కటే స్టారు."

"ఇంకా?" అన్నాడు బెంజమిన్. అతను గోడకానుకుని నేల మీద కూలబడి ఉన్నాడు.

"‘నేను నరకానికని టికెట్ కొంటి. వీళ్లు నన్ను మా నాయనమ్మ వంటింట్ల దించిన్రు.’ ఇదిగూడ ఒకటే. ‘లైట్లు బంద్ జేస్కొని, దుప్పటి కప్పుకొని భయపడ్డ. నా భయం నాకు వాపస్ ఇయ్యుండ్రి.’ ఇంకొకాయన జర మంచోడు అన్నా. ‘కొట్లాట మొదటిదానికంటె మస్తుంది, బాయి లోతు మస్తుంది, పిశాచాలు కడక్. ముసలామెను తీసెయ్యుండ్రి, ఐదు స్టార్లు ఇస్త’ అంటుండు."

"సాలు తియ్యి," అన్నాడు బెంజమిన్.

ఆటను అమ్మిపెడుతున్న విదేశీ సంస్థ పొద్దున్నే మెయిలు పంపింది. సోమవారంలోగా ఆ గొంతు మార్చి అసలైన శాపం పెట్టకపోతే రెండో భాగాన్ని తమ దుకాణంలోంచి తీసేస్తామని. తీసేస్తే ఆట కథ అంతటితో సరి. ముగ్గురూ మళ్లీ కాల్‌సెంటర్ వ్యాన్ ఎక్కాల్సిందే. ఉద్యోగం మానేసిన రోజు నుంచి బెంజమిన్‌తో వాళ్ల నాన్న శాంతయ్య నేరుగా మాట్లాడడం లేదు. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నా "అన్నం తింటడేమో అడుగు" అని జెన్నిఫర్‌తో అంటాడు. ఆట పోయిందని తెలిస్తే ఆ మాత్రం అడగడం కూడా ఉండదు.

కాబట్టి కౌసల్యమ్మ తిట్టాలి. నోరారా తిట్టాలి. ఆ రోజే తిట్టాలి.

జెన్నిఫర్ కిందికెళ్లి ఆవిడను బతిమాలి తీసుకొచ్చింది. కిందటిసారి మెట్ల కింద అరలో, చుట్టూ బొంతలు కట్టి రికార్డు చేశారు. ఈ ఉక్కలో అందులో కూర్చుంటే ప్రాణం పోతుందని ఆవిడ అనడంతో, జెన్నిఫర్ చర్చి పాటల బృందాన్ని అడిగి తెచ్చిన మైకును గది మధ్యలోనే పెట్టారు. కౌసల్యమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుని మైకు వంక అనుమానంగా చూసింది.

"మల్లనా? మొన్ననే చెప్తి గదా."

"చెప్తివి అవ్వా. గా మాట మార్చాలె. గీసారి గట్టిగ తిట్టాలె," అన్నాడు బెంజమిన్.

"ఎవల్ని?"

"ఆట ఆడెటోళ్లని."

"ఎందుకు? ఏం జేసిన్రు?"

"ఓడిపోయిన్రు."

"ఓడిపోయినోన్ని తిడ్తరార ఎవలన్న? గెల్సినోన్ని తిడ్తరు గని."

బెంజమిన్ ఓపిక తెచ్చుకుని, తాను రాసిన శాపం చదివి వినిపించాడు. "ఓరి నరాధమా! నీ అస్థికలు ఈ అంధకూపమున శిథిలమగుగాక!" తిరుపతి సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గిదేంది, హరికథనా? నా నోట్ల తిరుగనే తిరుగది. ఎవలు రాసిన్రు గిది?" అంది కౌసల్యమ్మ.

బెంజమిన్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాసింది వద్దు అవ్వా. నీకొచ్చినట్లే తిట్టు. నల్లా కాడ తారామణిని తిడ్తవు గదా, గట్ల," అంది జెన్నిఫర్.

పాఠకులారా, కౌసల్యమ్మకు తిట్లు రావని మీరెవరైనా అనుకుంటే, మంచినీళ్ల నల్లా వచ్చే పొద్దున ఒకసారి ఆ వీధికి వెళ్లండి. ఎదురింటి తారామణి బిందె ఒక్క వేలెడు ముందుకు జరిగితే చాలు. ఆమె పుట్టుక దగ్గర మొదలుపెట్టి, పెళ్లి మీదుగా, దినాల దాకా కౌసల్యమ్మ ఊపిరి తీసుకోకుండా తిట్టగలదు. ఆ తిట్లు వినపడితేనే వీధికి నీళ్లు వచ్చినట్టు లెక్క. నేను స్వయంగా విన్నాను. ఆ తర్వాత కాసేపు కలం పట్టబుద్ధి కాలేదు, అంత చిన్నతనం వేసింది.

"తారామణి ముచ్చట వేరు బిడ్డా. నేను తిడ్త, ఆమె తిడ్తది. పొద్దుమీకి ఇద్దరం కల్సి ఉప్పల్‌కు కూరగాయలకు వోతం. బస్సుల నా టికెట్ ఆమె దీస్తది. మాట జారినా మల్ల కలుపుకుంటం. నువ్వు జెప్పేటోళ్లు నాకేడ దొర్కుతరు, మల్ల మాట కలుపుకోనీకి? తిట్టినట్లే ఉండిపోతది గదా," అంది కౌసల్యమ్మ.

ఆ మాట జెన్నిఫర్‌కు నచ్చింది. నచ్చినందుకు అన్న వైపు చూడటానికి భయమేసింది.

బెంజమిన్‌కు మాత్రం ఒక ఉపాయం తట్టింది. ఏ తప్పూ చేయని వాళ్లను తిట్టనంటోంది కదా ముసలావిడ, అయితే తప్పు చేసిన వాణ్ణి చూపిస్తే సరి! పచ్చబొట్టు గడ్డపాయన రోజూ ఆ వేళకు ఆట ఆడుతూ తన మొహాన్ని, ఆటను లోకమంతటికీ ఇంటర్నెట్టులో నేరుగా చూపిస్తుంటాడు. అర్థం బయటపడ్డ రోజు నుంచి ఆటను తిట్టిపోస్తున్నాడు కూడా. తిరుపతి ఆ పేజీ తెరిచాడు. తెర నిండా చీకటి బావి, మూలన చిన్న గళ్లో పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న గడ్డం మనిషి.

"గీయన ఆడ్తుంటె వేలమంది కూసోని సూస్తరవ్వా," అన్నాడు తిరుపతి.

"సూస్తరా? పనేం లేదా వాళ్లకు?"

"నువ్వు టీవీల క్రికెట్ సూడవా?"

"స్టేడియం మన ఉప్పల్‌లున్నది గదా, గందుకు సూస్త," అంది కౌసల్యమ్మ. అని, కళ్లు చికిలించి ముందుకు వంగింది. "గీడేంది గిట్ల వోతుండు? ఎడమదిక్కు సూడురా! ఎనక నిలవడ్డదిరా నీ అవ్వ! అరె, ఇనడేంది?"

గడ్డపాయన వినలేదు. గరిగె ఒక పిశాచికి తగిలింది, ఇంకొకటి వెనక నుంచి వచ్చి అతని పని పట్టింది. అతను బల్ల మీద గుద్ది ఇంగ్లీషులో ఏదో అరిచాడు.

"ఏమంటుండు?"

బెంజమిన్ ఇదే అదను అనుకున్నాడు. "నిన్నే అవ్వా. నీ గొంతు గాడిద లెక్కున్నదంటుండు."

జెన్నిఫర్ ఉలిక్కిపడింది. గడ్డపాయన అన్నది అది కానే కాదు. బెంజమిన్ చెల్లెలి కాలు తొక్కాడు.

"గాడిదనా?" అంది కౌసల్యమ్మ.

"మల్ల అంటుండు సూడు. గీ ముసల్దానికి తిండి యావ తప్ప ఇంకేం లేదంటుండు. బువ్వ మొకం సూడనిది అనవట్టె."

కౌసల్యమ్మ ముక్కుపుటాలు అదిరాయి. చెంగు నడుములో దోపింది. ఆ వీధిలో ఆ దోపుడుకు అర్థం తెలియని వాళ్లు లేరు. బెంజమిన్ కనుసైగ చేశాడు, తిరుపతి రికార్డింగ్ మొదలుపెట్టాడు. ఆవిడ మైకు వైపు వంగింది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే గడ్డపాయన మళ్లీ చచ్చాడు. బావి అడుగు నుంచి ఆవిడ గొంతే గుయ్యిమంటూ వచ్చింది. "అయ్యో బిడ్డా... పోయి ఇంత బువ్వ తిని రా."

గడ్డపాయన నిట్టూర్చి, కుడి చేతి చొక్కా పైకి మడుచుకున్నాడు. రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. కుడి ముంజేయి మొత్తం నల్లటి అక్షరాలు.

"గదేంది చేతి మీద?" అంది కౌసల్యమ్మ.

జెన్నిఫర్ చెప్పింది. "నువ్వన్న మాటే అవ్వా. పచ్చబొట్టు పొడిపిచ్చుకుండు."

కౌసల్యమ్మ తెరిచిన నోరు మూసింది. తన ఎడమ చేయి తిప్పి చూసుకుంది. చిన్నప్పుడు కీసర జాతరలో పొడిపించుకున్న పచ్చ చుక్కలు, మధ్యలో వంకరపోయిన తులసికోట. కాసేపు వాటి మీద బొటనవేలితో రాసుకుంది.

"మనం వోయినంక బంగారం దీస్తరు, బట్టలు గూడ దీస్తరు. గిదొక్కటే ఎంటవోతది మనతోని. మా అమ్మ జెప్పేది. మరి గీ పిలగాడు నా మాట చేతి మీద వెట్టుకుండా?" అంది.

ఇంతలో తెర మీద గడ్డపాయన లేచి ఎటో వెళ్లాడు. కుర్చీ ఖాళీ. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పళ్లెం ఉంది. అందులో రెండు రొట్టె ముక్కలు. కూర్చుని, బావి వంక చూస్తూ నములుతున్నాడు.

"గంతేనా? కూర లేదా?" అంది కౌసల్యమ్మ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగిన కళ్లతోనే జెన్నిఫర్ వైపు చూసింది. "జెన్నీ, నువ్వు జెప్పు. నువ్వు చర్చిల పాట వాడేదానివి. గీ పిలగాడు నన్ను గాడిదన్నడా?"

బెంజమిన్ కళ్లతోనే చెల్లెలి కాళ్లు పట్టుకున్నాడు. ఒక్క ‘ఊ’ అంటే చాలు. శాపం వస్తుంది, ఆట నిలుస్తుంది, ఇంట్లో నాన్న ముందు తలెత్తుకోవచ్చు. జెన్నిఫర్ అన్నను చూసింది. ఆ పళ్లెం చూసింది.

"అనలే అవ్వా," అంది. "తిట్టిండు గని నిన్ను గాదు, మమ్ముల. శాపమని అమ్మి బువ్వ తినుమంటరా, మోసం అన్నడు. పచ్చబొట్టు తీపిచ్చుకో అని అందరు అంటున్రంట. తీపిచ్చుకోను అన్నడు."

కౌసల్యమ్మ మెల్లగా బెంజమిన్ వైపు తిరిగింది.

"బెంజిమీనూ," అంది. అలా మెల్లగా మొదలైంది.

"నీ నోట్ల మన్నువడ! నీ నాలికె ఊసిపోను! బువ్వ దినే పిలగాని మీద ముసల్దాన్ని ఉసిగొల్పుతవార! నా మాట చేతి మీద రాస్కున్నోన్ని నా నోటితోనే తిట్టిస్తవా! నీ కంపూటర్ల పురుగులువడ, నీ దినాలు గాను, నీ బొంద మీద తుమ్మ మొలువ! నువ్వు వడ్డ బాయిల నీళ్లుండొద్దు, నిన్ను దియ్యనీకి గరిగె దొర్కొద్దు, ‘అయ్యో’ అన్నోడు ఒక్కడు ఉండొద్దుర నీకు!"

ఇవి నేను రాయగలిగినవి. పత్రిక ఇళ్లలో పిల్లలు కూడా చదువుతారని మిగతావి వదిలేశాను. కింద నుంచి ఆవిడ భర్త పోశయ్య "నల్లా వచ్చిందా?" అని కేక వేశాడు. ఎదురింటి తారామణి రెండు బిందెలు పట్టుకుని ఉరుకుతూ బయటికి వచ్చి, నీళ్లు లేకపోయేసరికి అయోమయంగా మేడ వైపు చూసింది.

అలసిపోయాక కౌసల్యమ్మ చెంగు విప్పి మొహం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది. జెన్నిఫర్ వెనకే పరుగెత్తింది.

ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతోంది. "వాణ్ణి గట్ల అనాల్సింది గాదు బిడ్డా. పొద్దుగాల పిల్సి ఇంత చాయ్ వోస్త, వాడు మనోడే," అంది. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి జెన్నిఫర్ చేయి పట్టుకుంది. "గా మైకు... నేనన్నది గా పిలగానికి ఇనవడదు గదా?"

"ఇనవడదు అవ్వా."

"నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు."

జెన్నిఫర్ ఆ నెరిసిన తల మీద అరచేయి పెట్టింది. కొబ్బరినూనె జిడ్డు చేతికి తగిలింది. "ఒట్టు అవ్వా. ఆయనకు ఇనవడదు."

కౌసల్యమ్మ నెమ్మదించి లోపలికి వెళ్లింది. జెన్నిఫర్ మనసు తేలికపడింది. అన్నతో ఏం చెప్పాలో, ఆ సంస్థకు ఏమని మెయిలు రాయాలో, పచ్చబొట్టు తీయించుకోనన్న గడ్డపాయన మాటనే దానికి ఎలా జతచేయాలో అన్నీ ఆలోచించుకుంటూ మెట్లెక్కింది. ఆ గొంతును వద్దనేవాళ్లు వేలమంది ఉంటే, కావాలనే మనిషి ఒకడున్నాడు. వాడొక్కడు చాలు మొదలుపెట్టడానికి.

గదిలో బెంజమిన్ నవ్వుతున్నాడు. అన్ని తిట్లు తిన్న మనిషి మొహం అలా వెలిగిపోతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"వచ్చిందే జెన్నీ! గిదే శాపమంటె! ఏం గొంతు, ఏం కోపం!" అన్నాడు. "గరిగె దొర్కొద్దు అన్నది ఇన్నవా? నేను జన్మల రాయలేను గట్ల!"

"అన్నా, గది వద్దు. నేను ఒట్టేసిన..."

"ఏం ఒట్టు? ఆటల పెట్టేసినం గద!"

జెన్నిఫర్ తిరుపతి వైపు చూసింది. తిరుపతి తల దించుకున్నాడు. ఆటలో వినపడే గొంతులన్నీ ఈ గదిలోని కంప్యూటర్ నుంచే పోయేటట్టు కట్టాడు అతను. ఇక్కడ పాతది తీసి కొత్తది పెడితే చాలు, ఎక్కడ ఎవరు ఆడుతున్నా, తరువాతి చావుకు కొత్తదే వినపడుతుంది. బెంజమిన్ పేరు ఒక్కటి కత్తిరించి, మిగతాదంతా అలాగే పెట్టేశారు.

తెర మీద గడ్డపాయన పళ్లెం పక్కన పెట్టి, ఆఖరి ముక్క నములుతూ మళ్లీ ఆడుతున్నాడు. "తీసెయ్యిరా తిరుపతీ! జల్ది తియ్యి!" అంది జెన్నిఫర్. తిరుపతి చేయి కీబోర్డు మీదికి వెళ్లింది. అప్పటికే పిశాచి గడ్డపాయన వెనక నిలబడి ఉంది. అతను ఎప్పటిలాగే ఎడమ వైపు చూడలేదు.

బావి అడుగు నుంచి వచ్చింది ఆ గొంతు. నోట్లో మన్ను, నాలుక, పురుగులు, బొంద మీద తుమ్మ, అన్నీ వరసగా. గడ్డపాయన నమలడం ఆపాడు. కళ్లు పెద్దవయ్యాయి. తెర పక్కన చూసేవాళ్ల రాతలు ఉప్పెనలా పైకి లేస్తున్నాయి. అతను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, ఏమీ రాయని ఎడమ చేతి చొక్కా పైకి లాక్కుని, ఆ ఖాళీ ముంజేయిని తృప్తిగా చూసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఏదో చప్పుడైంది. జెన్నిఫర్ తిరిగి చూసింది.

కౌసల్యమ్మ నిలబడి ఉంది. చేతిలో మామిడికాయ తొక్కు సీసా, దూరం పంపడానికన్నట్టు మూతకు గుడ్డ కట్టి ఉంది. తెర వైపు కాదు, జెన్నిఫర్ వైపే చూస్తోంది.

"గది నా గొంతే గదా, బిడ్డా?"